ఈఈజీ, ఐ ట్రాకర్ జోడించేటప్పుడు ముందు చూడాల్సింది గడియారాలు

మనిషి ఒక బొమ్మను తన ఇష్టం వచ్చినట్టు చూస్తుంటే మెదడు ఎలా స్పందిస్తుందో తెలియాలంటే మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ, చూపు ఎటు పోతోందో నమోదు చేసే ఐ ట్రాకర్ రెండూ ఒకేసారి నడవాలి. కానీ ఆ రెండు యంత్రాల గడియారాలూ వేరు. ప్రయోగం నడిపే కంప్యూటర్ నుంచి ఒకే ట్రిగ్గర్‌ను (సమయాన్ని గుర్తించే సంకేతాన్ని) రెండింటికీ పంపండి. మొదట ఒకటి, చివర ఒకటి సరిపోతాయి గానీ, ప్రతి ట్రయల్‌కీ పంపితే పొరపాటు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. రెండు రికార్డులనూ కలిపాక ట్రిగ్గర్ల మధ్య తేడా ఒకటి రెండు శాంపిళ్లు దాటకూడదు. 500 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 500 కొలతలు తీసేటప్పుడు, ఒక శాంపిల్ అంటే 2 మిల్లీసెకన్లు.

అసలు చిక్కు కంటితోనే. కార్నియా వైపు ధనావేశం, రెటీనా వైపు ఋణావేశం ఉంటాయి కాబట్టి కన్ను తిరిగితే తలమీది వోల్టేజీ మారిపోతుంది. సకేడ్ (చూపు ఒకచోటి నుంచి మరోచోటికి దూకడం) మొదలయ్యే క్షణంలో కంటి కండరాల నుంచి పదునైన స్పైక్ కూడా వస్తుంది. మెదడు గామా తరంగాలుగా (వేగంగా ఊగే తరంగాలుగా) భావించిన ఒక సంకేతం నిజానికి మైక్రోసకేడ్ల (చూపు నిలిపినప్పుడూ జరిగే అతి చిన్న సకేడ్ల) స్పైకేనని 2008లో యువల్-గ్రీన్‌బర్గ్ బృందం చూపించింది. ఈ కంటి సంకేతాలను ఐసీఏతో (కలిసిపోయిన సంకేతాలను విడదీసే గణిత పద్ధతితో) తొలగించాలంటే, దానికి శిక్షణనిచ్చే డేటాను 2 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ చేసి (అంతకంటే నెమ్మదైన మార్పులను తీసేసి), సకేడ్ ఆరంభం చుట్టూ ఉన్న శాంపిళ్లను అదనంగా చేర్చండి. ఆ డేటాకు మామూలు ఫిల్టర్ వాడితే స్పైక్ మిగిలిపోతుంది.

చూపు ఒకచోట నిలిచేది సాధారణంగా 200–300 మిల్లీసెకన్లే. మెదడు స్పందన అంతకంటే ఎక్కువసేపు సాగి, తర్వాతి చూపు స్పందనతో కలిసిపోతుంది. ఇక్కడ ఉత్త సగటు తీస్తే తప్పుదోవ పడతాం. రిగ్రెషన్ ఆధారిత డీకన్వల్యూషన్ (ఒకదానిపై ఒకటి పడ్డ స్పందనలను విడదీసే పద్ధతి) వాడి, సకేడ్ పొడవును (చూపు ఎంత దూరం దూకిందో) కూడా మోడల్‌లో పెట్టాలి.