గడ్డ లేదన్న మాట సరిపోదు

"రొమ్ములో గడ్డేమైనా తగిలిందా?" రొమ్ము క్యాన్సర్ మాట వస్తే ముందు వినిపించే ప్రశ్న ఇది. ప్రశ్నలో తప్పు లేదు, ఎక్కువ మందిలో మొదట బయటపడేది గడ్డే. చిక్కంతా "లేదు" అన్న జవాబుతోనే. ఆ మాట వినగానే అడిగినవాళ్లూ చెప్పినవాళ్లూ కూడా ఊపిరి పీల్చుకుంటారు. గడ్డ కట్టని రొమ్ము క్యాన్సర్లకు అక్కడే వారాలూ నెలలూ దొరికిపోతాయి.

వాటిలో అన్నిటికన్నా తొందరపెట్టేది ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇది 1 నుంచి 5 శాతం. 1924లోనే దీనికి ఈ పేరు పెట్టారు గానీ, ఇన్‌ఫ్లమేటరీ అంటే వాపూ మంటా ఉన్నది అని అర్థం కాబట్టి పేరే కొంత దారి తప్పిస్తుంది. చూడ్డానికి వాపూ ఎరుపూ వేడీ అన్నీ ఇన్‌ఫెక్షన్ లాగే ఉంటాయి. లోపల జరిగేది వేరు. క్యాన్సర్ కణాలు గుంపులుగా చర్మంలోని సన్నటి లింఫ్ నాళాల్లో, అంటే కణజాలంలోని ద్రవాన్ని బయటికి తీసుకెళ్లే గొట్టాల్లో, చేరి దారి మూసేస్తాయి. బయటికి పోవాల్సిన ద్రవం చర్మంలోనే నిలిచిపోతుంది. చర్మం ఉబ్బుతుంది గానీ వెంట్రుకల కుదుళ్ల దగ్గర లోపలికి పట్టి ఉండటంతో అక్కడ చిన్న చిన్న గుంటలు తేలతాయి. కమలాపండు తొక్కలా ఉందని వైద్యులు చెప్పేది దీన్నే.

మార్పు వేగంగా వస్తుంది. కొన్ని వారాల్లోనే ఒక రొమ్ము రెండోదాని కన్నా పెద్దదై బరువెక్కుతుంది, బ్రా ఒకవైపే బిగుతవుతుంది. రొమ్ములో మూడో వంతుకు తగ్గకుండా రంగు మారడం, ఇదంతా మొదలై ఆరు నెలలు దాటకపోవడం వైద్యులు చూసే ముఖ్యమైన గుర్తులు. ఎరుపు అన్నది మాత్రం తెల్లటి చర్మాన్ని చూసి రాసిన మాట. చామనఛాయలోనూ నలుపులోనూ అది ఊదాగా, ముదురు గోధుమగా, కమిలిన దెబ్బలా కనిపించవచ్చు, ఒక్కోసారి రంగు తేడా అసలు తెలియకపోవచ్చు. అందుకే రంగు ఒక్కటే నమ్ముకోకుండా రెండు రొమ్ముల్నీ పోల్చాలి: చర్మం మందం, వేడి, బరువు, గుంటలు.

ఎక్కువసార్లు పొరపాటు జరిగేది ఇక్కడే. పాలిచ్చే తల్లికి రొమ్ము వాచి ఎర్రబడితే అది ఇన్‌ఫెక్షన్ కావడానికే ఎక్కువ అవకాశం. యాంటీబయాటిక్ ఇవ్వడం సరైన పనే. మామూలు ఇన్‌ఫెక్షన్ అయితే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గనప్పుడు ఇంకో యాంటీబయాటిక్, ఆ తర్వాత మరొకటి అంటూ పోవడమే ప్రమాదం. చీము చేరినా మందు పనిచేయదు, కాబట్టి స్కాన్ ఎలాగూ అవసరమే. ఒక కోర్సు, అంటే వారం పది రోజులు, పూర్తయ్యాక కూడా వాపు అలాగే ఉంటే ఆ తగ్గకపోవడాన్నే ఒక లక్షణంగా లెక్కవేయాలి. పాలివ్వని వాళ్లలో, ముఖ్యంగా నెలసరి ఆగిపోయినవాళ్లలో, జ్వరం లేకుండా ఇలా వస్తే అనుమానం మొదటి రోజునుంచే ఉండాలి.

మందు మొదలుపెట్టిన రోజు ఎర్రటి భాగం అంచు వెంట పెన్నుతో గీత గీసి తేదీ రాసుకోండి. గీత దాటి పాకిందా లేదా అన్నది మూడో రోజుకి వాదన లేకుండా తెలుస్తుంది. "కొంచెం తగ్గినట్టే ఉంది" అన్న మాట కన్నా ఆ గీత డాక్టరుకు ఎంతో ఎక్కువ చెబుతుంది.

పరీక్షల్లోనూ ఒక మెలిక ఉంది. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, చర్మం మందమైనట్టు తప్ప ఇంకేమీ కనబడకపోవచ్చు. కాబట్టి రొమ్ముకూ చంకకూ అల్ట్రాసౌండ్ చేయాలి. అందులో ఏదైనా కనిపిస్తే కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో కణజాలం ముక్క తీయడం. ఏ మందు పనిచేస్తుందో చెప్పే హార్మోన్ గ్రాహకాలూ హెర్2 అనే ప్రొటీనూ క్యాన్సర్ కణాల మీద ఉన్నాయా అని పరీక్షించడానికి ఆ ముక్క కావాలి. ఎక్కడ సూది వేయాలో తేలకపోతే ఎంఆర్‌ఐ దారి చూపిస్తుంది. చర్మం ముక్క కూడా తీస్తారు, కానీ అందులో క్యాన్సర్ కణాలు దొరకనంత మాత్రాన జబ్బు లేదని తేల్చకూడదు. లింఫ్ నాళాలు అన్నిచోట్లా ఒకేలా మూసుకుపోవు, ముక్క తీసిన చోట ఖాళీగా ఉండవచ్చు.

నిర్ధారణ అయ్యాక ముందు ఆపరేషన్ చేయించేయాలన్న తొందర సహజం. ఇందులో అది తప్పు వరుస. చర్మమంతా కణాలు పరుచుకుని ఉన్నప్పుడు కోస్తే అంచుల్లో జబ్బు మిగిలిపోతుంది. ముందు కీమోథెరపీ, హెర్2 పాజిటివ్ అయితే దానికి తగిన మందు కూడా, తర్వాత రొమ్ము మొత్తం తీయడం, ఆపైన రేడియేషన్. గుర్తించేసరికే ఇది కనీసం మూడో దశ, సుమారు మూడో వంతు మందిలో అప్పటికే దూరపు అవయవాలకు పాకి ఉంటుంది. వారాల లెక్క మీద ఇంత పట్టుదల అందుకే.

పేజెట్స్ వ్యాధి దీనికి భిన్నంగా నిదానంగా సాగుతుంది. 1874లో జేమ్స్ పేజెట్ వర్ణించిన ఈ జబ్బులో చనుమొన మీద చర్మం పొలుసులు రేగి, దురద పెట్టి, పుండులా చెమ్మగిల్లుతుంది. అచ్చం ఎగ్జిమా. తేడా ఎక్కడంటే, ఎగ్జిమా తరచు రెండువైపులా వస్తుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయంలో మొదలవుతుంది. పేజెట్స్ ఒకవైపే, చనుమొన మీదే మొదలై బయటికి పాకుతుంది. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే కొన్నాళ్లు నెమ్మదించవచ్చు, మోసపోయేది అప్పుడే. రెండు మూడు వారాల్లో పూర్తిగా మానకపోయినా, మాని మళ్లీ వచ్చినా, ఆయింట్‌మెంట్ మార్చడం కాదు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమని అడగాలి. ఈ జబ్బున్న చాలామందిలో అదే రొమ్ము లోపల మరో క్యాన్సర్ కూడా ఉంటుంది.

పాల గ్రంథుల్లో మొదలయ్యే లాబ్యులర్ క్యాన్సర్ అంత అరుదేమీ కాదు, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 10 నుంచి 15 శాతం. కణాల్ని ఒకదానికొకటి అతికించే ఇ-కాడెరిన్ అనే ప్రొటీన్ ఇందులో సాధారణంగా ఉండదు. అందుకే అవి ముద్దగా చేరకుండా చీమల బారులా ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. చేతికి తగిలేది గడ్డ కాదు, ఒకచోట కాస్త గట్టిపడినట్టో, దళసరెక్కినట్టో ఉంటుంది. మామోగ్రామ్‌ను దాటిపోయేదీ ఇదే, రొమ్ము కణజాలం సాంద్రంగా ఉంటే మరీను.

మిగతావి క్లుప్తంగా. నొక్కకుండానే ఒకే రంధ్రం నుంచి నెత్తురో నీళ్లలాంటి ద్రవమో కారితే చూపించుకోవాలి, చాలావరకు అది ప్రమాదం లేని చిన్న కాయే అవుతుంది. కొత్తగా లోపలికి పోయిన చనుమొన, చేతులెత్తితే తప్ప కనబడని సొట్ట, చంకలో మాత్రమే తగిలే గడ్డ కూడా అంతే. రేడియేషన్ తీసుకున్న రొమ్ము మీద కొన్నేళ్ల తర్వాత దెబ్బేమీ తగలకుండా కమిలినట్టు ఊదా మచ్చ వస్తే ఆంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ కావచ్చు, పాత గాయం అనుకోవద్దు. మగవాళ్లకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, మొత్తంలో ఒక శాతం లోపే, ఎక్కువగా చనుమొన కిందే. ఇక ఒట్టి నొప్పి, వేరే మార్పేదీ లేకుండా, క్యాన్సర్ వల్ల రావడం చాలా తక్కువ. భయపెట్టడం ఈ రాత ఉద్దేశం కాదు కాబట్టి ఇదీ చెప్పాలి.

గడ్డ లేకపోవడం పరిశోధనలోనూ ఈ రోగులను వెనక్కి నెడుతుంది. కొత్త మందు పనిచేసిందా లేదా అన్నది చాలా ట్రయల్స్‌లో, అంటే రోగుల మీద మందుల్ని పరీక్షించే అధ్యయనాల్లో, స్కాన్ మీద గడ్డ ఎంత తగ్గిందో కొలిచి తేలుస్తారు. మామూలుగా కనీసం 10 మిల్లీమీటర్లుంటేనే కొలతకు పనికొస్తుంది. పొరలా పరుచుకున్న లాబ్యులర్ క్యాన్సర్‌కు కొలవడానికి అంచే ఉండదు, అలాంటి రోగులకు ట్రయల్‌లో చోటు దొరకదు. ఇన్‌ఫ్లమేటరీ రోగుల్నీ చాలా ట్రయల్స్ పక్కన పెట్టాయి. మగవాళ్ల సంగతీ అంతే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో పాల్బోసిక్లిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందును మగవాళ్లకూ అనుమతించింది, అదీ మామూలు వైద్యంలో పోగైన రికార్డుల ఆధారంగా. రొమ్ము క్యాన్సర్ ట్రయల్స్‌లో మగవాళ్లనూ చేర్చుకోవాలన్న మార్గదర్శకం 2020లో వచ్చింది.

ఇంకో అడ్డంకి కణజాలం. ఇన్‌ఫ్లమేటరీలో కీమో ముందు కాబట్టి, మందు సోకని జబ్బు దొరికేది తొలి బయాప్సీలో తీసిన అగ్గిపుల్లంత సన్నటి ముక్కల్లోనే. వాటిలో చాలాభాగం నిర్ధారణ పరీక్షలకే ఖర్చవుతుంది. అందుకే అడగాల్సిన సమయం బయాప్సీకి ముందే: "పరిశోధన కోసం ఒకటి రెండు ముక్కలు అదనంగా తీసి బయోబ్యాంక్‌లో దాచే ఏర్పాటు ఇక్కడ ఉందా?" అంగీకార పత్రం సంతకం పెట్టే ముందు చదవండి. ముక్క ఎవరి చేతికి వెళ్తుంది, పేరు తీసేస్తారా, తర్వాత వద్దంటే వెనక్కి తీసుకోవచ్చా అన్నవి అందులో ఉండాలి. ఒప్పుకోకపోతే వైద్యంలో ఏ తేడా ఉండకూడదు.

రొమ్ము క్యాన్సర్ సంస్థలకు విరాళమిచ్చేవాళ్లు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఇందులో ఎంత పరిశోధనకు వెళ్తుంది, ఏ రకం క్యాన్సర్ మీద? "అవగాహన" అన్న ఒక్క మాట కింద రిబ్బన్లూ ర్యాలీలూ కూడా పడతాయి. ఫలానా రకం పరిశోధనకే అని రాతపూర్వకంగా చెప్పి ఇచ్చే వీలు చాలా సంస్థల్లో ఉంటుంది.

ఫొటోలకూ ఇక్కడ పెద్ద విలువుంది. నల్లటి చర్మం మీద ఈ లక్షణాలు ఎలా ఉంటాయో చూపే బొమ్మలు వైద్య పుస్తకాల్లో తక్కువ. రంగు మారిందని అనుమానం వచ్చిన రోజు నుంచి వారానికోసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయంలో, ఫ్లాష్ లేకుండా తీయండి. రెండు రొమ్ములూ ఒకే ఫ్రేములో, ముఖం రాకుండా, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఒకటి, చేతులు పైకెత్తి ఇంకొకటి. ముందు అవి మీ డాక్టరు కోసం. ఆ తర్వాత మీకు ఇష్టమైతే, వైద్య విద్యార్థులకు చూపించడానికి వాడుకోవచ్చని రాసిచ్చి ఆసుపత్రికి ఇవ్వవచ్చు.