పాల లెక్కల పుస్తకంలో నా జ్వరం

నిన్న రాత్రి భోజనం చేసి ఆఖరి డాక్సీసైక్లిన్ మాత్ర మింగాను. రోజుకు రెండు చొప్పున మొత్తం 84. వాటితో పాటు పొద్దున్నే పరగడుపున రిఫాంపిసిన్. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకు 41 రోజుల దీక్ష, నాకు 42 పడింది. ఖాళీ అట్టలన్నీ ఒక సంచిలో దాచాను. ‘నీకు వచ్చిన జబ్బేమిటయ్యా’ అని ఎవరైనా అడిగితే ముందు పెట్టడానికి. ఊళ్ళో చాలామంది చాలా రకాలుగా అనుకున్నారు మరి.

జబ్బు పేరు బ్రూసెల్లోసిస్. చూడి పశువులు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయే, ఆ రోగం. అది మనుషులకూ అంటుతుందని పాతికేళ్ళుగా గేదెల మధ్య బతుకుతున్న నాకు తెలియదు. తెనాలి వైపు ఒక పల్లె మాది. ఏడు గేదెలు, నాలుగు దూడలు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, లెక్క రాయడంలో నన్ను మించినవాడు మా పాలకేంద్రం పరిధిలో లేడు. ఏ గేదె ఏ పూట ఎన్ని లీటర్లిచ్చింది, ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు చూడి కట్టింది, అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో ఉంటాయి. కేంద్రంలో లెక్క తేడా వస్తే నా పుస్తకం చూసి దిద్దుకుంటారు.

సంక్రాంతి తరవాత సంతలో కొన్న గేదె ఏప్రిల్‌లో ఎనిమిదో నెల చూడితో ఈసుకుపోయింది. దూడ వెనక పడాల్సిన మాయ పడలేదు. రాత్రి పదకొండు గంటలకు ఎవరిని పిలుస్తాం? మోచేతి దాకా కొబ్బరినూనె రాసుకుని నేనే లాగేశాను. చచ్చిన దూడను కాలువ గట్టున పారేశాను, తెల్లారేసరికి కుక్కలు ఈడ్చుకుపోయాయి. ఈ రెండూ ఎంత బుద్ధితక్కువ పనులో ఇప్పుడు తెలుసు. పైగా మా ఇంట్లో గుమ్మపాల అలవాటు ఒకటి. పొదుగు దగ్గరే గ్లాసు పట్టి, నురగతో, వెచ్చగా తాగడం. మా నాన్నకు అదే అమృతం. నాకూ అంతే.

మే నెల మధ్యలో జ్వరం మొదలైంది. సాయంత్రానికి వచ్చేది, అర్ధరాత్రి చెమటతో పక్క తడిసిపోయేది, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు ఉండేది. నడుము, తుంటి పట్టేసేవి. పది రోజులు ఉండి పోయేది, మళ్ళీ రెండు వారాలకు తిరిగొచ్చేది. మా ఊరి ఆర్‌ఎంపీ రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. సెలైన్ ఎక్కించాడు, సూదులు పొడిచాడు, తగ్గింది. జూలైలో మళ్ళీ టైఫాయిడ్. ఆగస్టులో మూడోసారీ టైఫాయిడే. ఆ రక్తపరీక్ష పేరు వైడాల్, 1896 నాటిదట. మన దగ్గర ఎప్పుడో ఒకప్పుడు టైఫాయిడ్ క్రిమి తగిలినవాళ్ళే ఎక్కువ కాబట్టి జబ్బు లేకపోయినా అంతో ఇంతో చూపిస్తుందని తరవాత తెలిసింది. సూదులు పొడవకముందే రక్తం తీసి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే కల్చర్‌కు పంపడం పద్ధతట. అయినా ఆర్‌ఎంపీ మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి ఫోను చేస్తే లుంగీతోనే పరుగెత్తుకొచ్చిన మనిషి అతను.

నా కోపమంతా సెప్టెంబరులో చూసిన డాక్టరు మీద.

సెప్టెంబరు మొదటి వారంలో జ్వరంతో పాటు కుడి వైపు వృషణం వాచింది. నిమ్మకాయంత ఉండాల్సింది బత్తాయంత అయింది. కూర్చోలేను, నడవలేను, పాలు పిండలేను. సిగ్గుపడి మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు నా భార్యే గమనించి పట్నంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కౌంటరు దగ్గర అమ్మాయి పేరు, వయసు రాసుకుని ఏం చేస్తారని అడిగింది. పాలండీ అన్నాను. ‘వ్యాపారం’ అని కొట్టింది. ఆ చీటీ ఇప్పటికీ ఉంది. ఐదు నెలల్లో నేను పోగేసుకున్న చీటీలన్నిటిలో నా వృత్తి గురించి ఉన్న ఒకే ఒక్క మాట అది. అదీ తప్పు.

లోపల డాక్టరు నాకంటే పదేళ్ళు చిన్న. పరీక్ష చేసే బల్లకు అడ్డంగా తెర ఉంది గానీ సగం కొక్కేలు ఊడిపోయి వేలాడుతోంది. తెర అవతల ఇంకో ఇద్దరు రోగులు, ఒక నర్సు, నా భార్య. ఆయన చూశాడు, చేతి తొడుగులు బుట్టలో పడేశాడు, అక్కడి నుంచే అడిగాడు.

“బయటి సంబంధాలు ఏమైనా ఉన్నాయా?”

నాకు ముందు అర్థం కాలేదు. ఊరి బయట సంబంధాలా అనుకుని, “పిల్ల ఇంటర్ చదువుతోందండీ, ఇంకా చూడటం లేదు” అన్నాను. తెర అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొంతు పెంచి, ఈసారి ఎవరికీ అనుమానం మిగలకుండా అడిగాడు. లేవండీ అన్నాను. “నిజం చెబితేనే వైద్యం” అన్నాడు. లేవండీ అని మళ్ళీ అన్నాను. ఆ రెండో ‘లేవండీ’ నాకే అబద్ధంలా వినిపించింది.

హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు రాశాడు. నాకు ఒక్కడికే కాదు, నా భార్యకు కూడా. రక్తం తీసే గది ముందు పాతికమంది కూర్చుని ఉంటే, రక్తం తీసే పిల్ల నా పేరూ పరీక్ష పేరూ కలిపి కేకేసింది. కుర్చీల్లో మా పాల వ్యాను డ్రైవరు బావమరిది ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టబోయి, ఆ మాట విని సగంలో చెయ్యి దించేశాడు. ఐదు నెలల నొప్పి ఒక ఎత్తు, ఆ దించిన చెయ్యి ఒక ఎత్తు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. మగవాళ్ళకు అక్కడ వాపు వస్తే సుఖవ్యాధులు కూడా ఒక కారణమే, ఏ డాక్టరైనా ఆలోచించాల్సిందే. తలుపు వేసి, తెర సరిచేసి, భార్యను కాసేపు బయట కూర్చోమని అడిగితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దానితో పాటు ఇంకొక్కటి, ‘ఏం పని చేస్తావు’ అని అడిగి ఉంటే అక్కడితో తేలిపోయేది. నా రహస్యాలు తెలుసుకోవడానికి ఉన్న ఓపిక నా పని తెలుసుకోవడానికి లేదు ఆయనకు. పాతకాలపు డాక్టర్లు ఊరు, పని, గొడ్డూగోదా అడిగాకే నాడి పట్టేవాళ్ళని మా నాన్న అంటాడు. మా నాన్న చెప్పేవాటిలో సగం కోతలే గానీ ఇది నమ్ముతాను.

బస్సులో నా భార్య కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి వంట చేసింది, గేదెలకు కుడితి పెట్టింది, అన్నీ చేసింది. రాత్రి దీపం తీసేశాక, “మీరు హైదరాబాదులో ఉన్న ఆ ఆరు నెలలు...” అని ఆగింది. అది పదకొండేళ్ళ కిందటి మాట. ఒక అపార్ట్‌మెంటు కట్టేచోట మేస్త్రీల లెక్కలు రాశాను. ఏమీ లేదు అని చెప్పాను. చీకట్లో ఎలా నమ్మించాలి? మూడో రోజు రిపోర్టులు వచ్చాయి. ఇద్దరికీ ఏమీ లేదు. కాగితం తీసుకెళ్ళి వంటింట్లో ఆమె చేతికిచ్చాను. చదివి, మడిచి, “నేను అడగలేదుగా” అంది. ఆ మాటకు ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన మందులకు వాపు కొంచెం తీసింది, జ్వరం మాత్రం పోలేదు.

తరవాత జరిగినదంతా గేదె పుణ్యం. సంతలో కొన్నది ఎన్నిసార్లు ఎదకు వచ్చినా చూడి నిలవడం లేదు. సెప్టెంబరు ఆఖరులో దాన్ని తోలుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే అక్కడి డాక్టరమ్మ ఒక క్షణం చూసి ఊరుకుంది. గేదె చరిత్ర చెప్పమంటే పుస్తకం ఇచ్చాను. అందులో పాల లీటర్ల పక్క గడిలోనే మే నుంచి నా జ్వరం కూడా రాసి ఉంది. 101, 102, మళ్ళీ ఖాళీ, మళ్ళీ 102. ఆ పుస్తకం మనుషుల డాక్టర్లకూ చూపించాను, వాళ్ళు తెరవలేదు. ఈమె వేలు పెట్టి చదివింది.

“ఏప్రిల్‌లో దీని ముందు ఈ గీత ఏమిటి?”

“ఈసుకుపోయిందండీ.”

“మాయ ఎవరు తీశారు?”

“నేనేనండీ.”

“చేతికి తొడుగు?”

నవ్వాను. ఆమె నవ్వలేదు. “మరి ఈ 102లు ఎవరివి?” అంది.

నావేనని చెప్పాక పెన్ను కింద పెట్టింది. “నేను పశువుల డాక్టరును, మీకు మందు రాయకూడదు. ఈ చీటీ మాత్రం పట్టుకెళ్ళండి” అని నాలుగు వాక్యాలు రాసి ఇచ్చింది. గేదెలన్నిటి రక్తమూ తీసుకుంది.

ఆ చీటీతో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళాను. వరుస రెండు గంటలు, పని పది నిమిషాలు. రోజ్ బెంగాల్ అని ఒక పరీక్ష ఉంది. రక్తంలోంచి తీసిన సీరం ఒక చుక్క, గులాబీ రంగు మందు ఒక చుక్క కలిపి నాలుగు నిమిషాలు ఊపుతారు. పెరుగు విరిగినట్టు గింజలు కడితే ఉన్నట్టు. నాది కట్టింది. సీరాన్ని పలచన చేస్తూ చూసే గొట్టాల పరీక్షలో 640 వచ్చింది, 160 గానీ అంతకు పైన గానీ ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారట. కల్చర్‌కు కూడా రక్తం పంపుతూ, ఫలానా క్రిమి అనుమానమని పైన ఎర్ర సిరాతో రాశారు. చెప్పకుండా పంపితే ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళకే అంటుకుంటుందట. అది చూసి భయం వేసింది. అలాంటిదాన్ని నేను కొబ్బరినూనె రాసుకుని లాగాను.

ఆరు వారాల వైద్యం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రిఫాంపిసిన్ క్షయకు వాడే మందు కాబట్టి దుకాణంలో పుస్తకంలో పేరు రాసుకుని ఇస్తారు, దాంతో ఊళ్ళో నాకు టీబీ అని ఇంకో పుకారు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, హడలిపోకండి. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, వెంటనే పడుకుంటే గొంతు కింద మండుతుంది. దాన్ని పాలతో మాత్రం వేసుకోకూడదు, మందు పూర్తిగా ఒంటికి పట్టదు. ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది. రెండో వారానికే జ్వరం పోయింది. చాలామంది అక్కడే మానేస్తారట, మానేస్తే తిరగబెడుతుందట. నేను పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ మింగాను.

నా భార్య రక్తమూ చూశారు, ఏమీ లేదు. గేదెల్లో రెండింటికి ఉంది, సంతలో కొన్నదీ దాని పక్క కట్టుకొయ్యదీ. పశువుకు మనిషికిచ్చినట్టు మందులిచ్చి నయం చేసే దారి లేదట. ఒకసారి ఈసుకుపోయిన గేదె మరుసటి ఈతకు మామూలుగా ఈనవచ్చు, చూడటానికి నిగనిగలాడుతుంది, క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. ఈ క్రిమిని 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు పట్టుకున్నాడు. అది ఎక్కడి నుంచి వస్తుందో తేల్చడానికి 1905 దాకా పట్టింది. అక్కడి వైద్యుడు జమ్మిట్ పరీక్షిస్తే, ఏ జబ్బూ లేనట్టు కనిపించే మేకల్లో ఉంది, సైనికులు ఆ పాలే తాగుతున్నారు. పశువు ఆరోగ్యాన్ని కంటితో కొలుస్తామనే మా రైతుల ధీమా అప్పటిదే కాబోలు.

బ్రోకరు వచ్చి, “రెండింటినీ సంతకు తోలెయ్యి, ఎవరికి తెలుస్తుంది” అన్నాడు. నాకు ఇది అంటగట్టినవాడూ అలాగే తోలి ఉంటాడు. తోలను పొమ్మన్నాను. వేరే పాక వేసి కట్టాను, ఖర్చు ఇరవై ఆరు వేలు. ఇంటికొచ్చి పాలు తీసుకునేవాళ్ళకు కాచి తాగమని చెప్పాను, కాగితే క్రిమి చస్తుంది. నిజం చెప్పినందుకు నాలుగు ఇళ్ళు మానేశాయి. చెప్పకుండా అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కుంటున్నాయి, కొనుక్కోనివ్వండి.

ఇంకో తప్పు కూడా నాదే. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యదూడలకు జీవితంలో ఒకే ఒక్కసారి వేసే టీకా ఉంది, ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. నిరుడు వాళ్ళు చెవి పోగులతో సహా ఇంటికొస్తే, దూడకు జ్వరమొస్తుందని ‘రేపు రండి’ అని పంపేశాను. ఆ పెయ్యకు వయసు దాటిపోయింది. మిగిలిన చిన్నదానికి మొన్న వేయించాను. బతికున్న క్రిమితో చేసిన టీకా కనుక డాక్టరమ్మ కళ్ళద్దాలు, తొడుగులు వేసుకుని మరీ పొడిచింది. వెళ్తూ భుజం దాకా వచ్చే తొడుగుల జత ఒకటి నాకిచ్చింది. పాక చూరులో దోపాను. ఈసుకుపోతే గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఒక బస్తా సున్నం కూడా తెచ్చి పెట్టాను.

మూడు నెలల తరవాత మళ్ళీ చూపించుకోమన్నారు.

మా నాన్న ఒక్కడే దారికి రాలేదు. డెబ్బై ఏళ్ళుగా గుమ్మపాలు తాగుతున్నాను, నాకేమైంది అంటాడు. రక్తం ఇవ్వడానికి రాడు. ఈ రోజు తెల్లవారుజామున కూడా ఇత్తడి గ్లాసు పట్టుకుని పాకలోకి వచ్చాడు. నేను ఏదో చెప్పబోయేలోపే నా భార్య వచ్చి, “ఇలా ఇవ్వండి మామయ్యా” అని గ్లాసు చేతిలోంచి తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. మధ్యాహ్నం దాకా ఇద్దరికీ మాటల్లేవు.