చివరి పేజీలో పెన్సిల్ రాతలు

సంచికకి ఏదైనా రాయమనగానే అందరికీ మాస్టార్లు గుర్తొస్తారు. నాకు మన లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక నవల గుర్తొచ్చింది. ఆన్ రైస్ 1976లో అచ్చువేసిన ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’. లూయీ అనే రక్తపిశాచి ఒక కుర్రాడి ఎదురుగా కూర్చుని, రెండొందల ఏళ్ల తన బతుకంతా టేప్ రికార్డర్‌లోకి చెప్పుకుంటాడు. హాస్టల్లో నేనూ నా రూమ్మేటూ దాన్ని వంతులేసుకుని చదివాం.

1994లో నీల్ జోర్డన్ తీసిన సినిమా క్యాసెట్ మా చేతికొచ్చేసరికి నవల మాకు దాదాపు కంఠతా వచ్చేసింది. అందుకే సినిమా చూడకముందే తీర్పు రాసేసుకున్నాం. నిజంగానే రాశాం, పుస్తకం చివరి ఖాళీ పేజీలో, పెన్సిల్‌తో: ఏ పాత్రకి ఎవరుండాలో. (లైబ్రేరియన్ గారు ఇది చదువుతుంటే క్షమించాలి.) లూయీని రక్తపిశాచిగా మార్చిన లెస్టాట్‌గా టామ్ క్రూజా! నవ్వుతూ నవ్వుతూ ప్రాణం తీసే ఆ మనిషికీ ఈ చాక్లెట్ కుర్రాడికీ ఎక్కడి పొంతన? రచయిత్రిదీ మా పార్టీయే. ఆ పాత్రకి డచ్ నటుడు రట్గర్ హావర్‌ని మనసులో పెట్టుకున్న ఆవిడ, క్రూజ్ పేరు వినగానే బాహాటంగా మండిపడింది. తర్వాత సినిమా చూసి, పత్రికలో ప్రకటన వేయించి మరీ మెచ్చుకుంది.

మేం అంత బెట్టు చెయ్యలేదు. ప్లేగుతో పోయిన ఒక ఆడమనిషి శవాన్ని లేపి, నడుం పట్టుకుని, గదంతా తిప్పుతూ క్రూజ్ నాట్యమాడతాడు. ఆ శవం తల వెనక్కి వాలి ఊగుతుంటుంది. మా రూమ్మేట్ అక్కడ క్యాసెట్ ఆపేసి, “ఇప్పుడేమంటావే?” అంది. నేనేమీ అనలేదు. హావర్ పేరు కొట్టేసి తనే క్రూజ్ అని రాసింది.

నా ఫిర్యాదు లూయీగా వేసిన బ్రాడ్ పిట్ మీద, ఇప్పటికీ. నవల మొత్తం లూయీ మాటే కదా, అతని దిగులు మనకి మాటల్లో అందుతుంది, చదవబుద్ధేస్తుంది. తెరమీద ఆ మాటలు చాలావరకు పోయి మొహం మిగిలింది. పైగా నవల్లో లూయీని తినేసేది తమ్ముడి చావు. దైవదర్శనాలు అవుతున్నాయన్న తమ్ముణ్ణి నమ్మడు, ఆ గొడవ అవగానే వాడు మెట్ల మీంచి పడి చచ్చిపోతాడు. సినిమావాళ్లు తమ్ముణ్ణి తీసేసి, పురుట్లో పోయిన పెళ్లాంబిడ్డల్ని పెట్టారు. దుఃఖం ఉంది, తప్పు చేశానన్న బాధ లేదు. పాపం పిట్ మాత్రం ఏం చేస్తాడు, మూతి ముడుచుకుని తిరగడం తప్ప?

పసితనంలోనే రక్తపిశాచిగా మారిపోయిన క్లాడియా దగ్గర మాత్రం మా ఇద్దరికీ రెండ్రోజులు మాటల్లేవు. నవల్లో ఆమెకి ఐదేళ్లు. ఆన్ రైస్ కూతురు 1972లో, ఆరేళ్లయినా నిండకుండా లుకేమియాతో పోయింది. అది తెలిశాక ఆ వయసు మార్చడం నాకు అపచారంలా తోచింది. “ఐదేళ్ల పిల్ల చేత ఆ మాటలు ఎలా పలికిస్తావే?” అనేది రూమ్మేట్. షూటింగ్ నాటికి క్లాడియాగా వేసిన కిర్‌స్టెన్ డన్‌స్ట్‌కి పదకొండేళ్లు. ఉంగరాల జుట్టుని కోపంతో కత్తిరించేసుకుంటుంది. అది క్షణాల్లో మళ్లీ అంతే పెరిగిపోతుంది. తను ఎప్పటికీ పెద్దది కాదని అప్పుడు తెలిసి ఒక్క కేక పెడుతుంది. ఆ కేక విన్నాక నా వాదనలో పస తగ్గిందని ఒప్పుకుంటాను. అయినా పదకొండేళ్ల పిల్ల పెద్దరికానికి దగ్గరగానే ఉంటుంది, ఐదేళ్ల ఒంట్లో ఇరుక్కోవడం వేరే నరకం. ఆ పాత్రకి డన్‌స్ట్‌కి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ వార్త చూపించి రూమ్మేట్ నన్ను ఎంత సాధించిందో!

పారిస్ రక్తపిశాచుల నాయకుడు ఆర్మాండ్ సంగతి ఎత్తితే ఇద్దరం ఒకటే. నవల్లో రాగిరంగు జుట్టుతో, కుర్రాడి మొహంతో ఉంటాడు. సినిమాలో నల్లటి పొడుగు జుట్టుతో ముప్పై దాటిన ఆంటోనియో బాండెరాస్ వచ్చాడు. బాగుంటాడు, కాదనను. కానీ ఆర్మాండ్ కాదు. మరెవరు? వారం రోజులు ఆలోచించాం, పుస్తకం తిరిగిచ్చే గడువు దాటి ఫైన్ కూడా కట్టాం. ఆ కాపీ ఇంకా మన లైబ్రరీలో ఉంటే చివరి పేజీ తిప్పి చూడండి. ఆర్మాండ్ పక్కన గీత ఒక్కటే ఉంటుంది.