ఆన్‌బిల్‌సేవ్డ్ అంటే చెప్పేవాడా, వినేవాడా?

మొన్న మా టీమ్‌లో ఒక పేరు మీద గంటన్నర గొడవైంది. మనిషి పేరు కాదు, మెథడ్ పేరు, అంటే ఒక పని చేసే కోడ్ ముక్క పేరు. తప్పు సగం నాదే కాబట్టి రాసేస్తున్నా.

మాది మెడికల్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, సీ షార్ప్ అనే భాషలో. ఆండ్రాయిడ్ మీద రెండేళ్లు పనిచేసి వచ్చిన కుర్రాడు ఒకడు కొత్తగా చేరాడు. బిల్లు సేవ్ అయ్యాక స్టాక్ తగ్గించే హ్యాండ్లర్ (ఏదైనా జరిగిందని తెలియగానే నడిచే మెథడ్) రాసి దానికి ఆన్‌బిల్‌సేవ్డ్ అని పేరు పెట్టాడు. కోడ్ రివ్యూలో "ఈ పేరు వద్దు" అన్నాను. "పని చేస్తోంది కదన్నా" అన్నాడు. రాత్రి ఎనిమిదైంది, దుర్గం చెరువు స్టేషన్‌లో మెట్రో ఎక్కాలి, సరేలే అని అప్రూవ్ కొట్టేశాను.

వారం తర్వాత ఇంకొకాయన హోల్డ్‌లో పెట్టిన బిల్లుల కోడ్ రాస్తూ, బిల్లు సేవ్ అయిందని అందరికీ చెప్పాలి కదా అని చూస్తే ఆన్‌బిల్‌సేవ్డ్ కనబడింది. ఇదే కాబోలనుకుని పిలిచేశాడు. నడిచింది స్టాక్ హ్యాండ్లర్ ఒక్కటే కాబట్టి స్టాక్ తగ్గింది, రసీదు ప్రింటర్ మాత్రం కదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని షాపాయన ఫోన్ చేసి, కస్టమర్ రసీదు కోసం కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నాడు సార్ అని గోల.

నిజానికి హోల్డ్ కోడ్ రాసినాయన అనుకున్నది డాట్‌నెట్ (సీ షార్ప్ నడిచే వేదిక) పద్ధతి ప్రకారం కరెక్టే. అక్కడ బిల్‌సేవ్డ్ అనేది ఈవెంట్, అంటే ఊళ్లో వేసే చాటింపు అనుకోండి. ఆన్‌బిల్‌సేవ్డ్ డప్పు కొట్టేవాడు: మామూలుగా ప్రొటెక్టెడ్ వర్చువల్‌గా (బయటివాళ్లు పిలవలేరు, చైల్డ్ క్లాసులు మార్చుకోవచ్చు) ఉంటుంది, ఈవెంట్‌ని లేపడమే దాని పని. చైల్డ్ క్లాసులో దాన్ని ఓవర్‌రైడ్ చేసి (తిరగరాసి) బేస్‌ని, అంటే తల్లి క్లాసులోని అసలు మెథడ్‌ని, పిలవడం మర్చిపోతే డప్పు మోగదు, వినేవాళ్లకి సంగతే తెలియదు. అదే ఆండ్రాయిడ్‌కి వెళ్తే ఆన్‌క్లిక్ అంటే డప్పు విని పరుగెత్తుకొచ్చేవాడు. వెబ్ పేజీలకి వాడే రియాక్ట్‌లో ఆన్‌క్లిక్ అంటే వినేవాణ్ని తగిలించే కొక్కెం, తగిలించే ఫంక్షన్‌కి హ్యాండిల్‌క్లిక్ అని పెట్టుకుంటారు. జావాలో విండోలు కట్టే స్వింగ్‌లో ఈ ఆన్ గొడవే లేదు, యాక్షన్‌పెర్ఫార్మ్‌డ్ అని ఉంటుంది. మాట ఒకటే, ఒక్కో ఊళ్లో ఒక్కో అర్థం. కుర్రాడు తన ఊరి అర్థం పట్టుకొచ్చాడు, అంతే.

హ్యాండ్లర్‌కి డాట్‌నెట్ రెండే ఇస్తుంది, చాటింపు వేసిందెవరు, సంగతేంటి. తిరిగి ఏమీ ఇవ్వకూడదు, వాయిడ్. ఎందుకంటే పదిమంది వింటుంటే ఎవరి జవాబని తీసుకుంటాం? తీసుకున్నా చివరివాడిదే దక్కుతుంది.

ఇంత చెప్తున్నా గానీ, నేనేమీ పుట్టుకతో పద్ధతి తెలిసినవాణ్ని కాదు. అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో స్క్రీన్ గీసుకునే డిజైనర్‌లో బటన్ మీద డబుల్ క్లిక్ చేస్తే బటన్1_క్లిక్ అని అదే పుట్టేది, అందులోనే డేటాబేస్ కనెక్షన్ నుంచి మెసేజ్ బాక్స్ దాకా మొత్తం కుక్కేవాళ్లం. తర్వాత ఎఫ్5 నొక్కినా సేవ్ అవ్వాలని క్లయింట్ అడిగితే బటన్1_క్లిక్‌కి రెండు నల్‌లు (ఖాళీ విలువలు) ఇచ్చి పిలిచిన ఘనుణ్ని నేను. ఇప్పుడైతే పని మొత్తం సేవ్‌బిల్ అని వేరే మెథడ్‌లో పెడతాను, బటన్ హ్యాండ్లరూ ఎఫ్5 హ్యాండ్లరూ ఒక్కో లైనుతో దాన్నే పిలుస్తాయి.

ఇంకోటి, స్క్రీన్ మూసేటప్పుడు క్లోజింగ్, క్లోజ్డ్ అని రెండు ఈవెంట్లుంటాయి. తెలుగులో అనుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది: మూయబోతున్నా, మూసేశా. మూయబోతున్నా అన్నప్పుడే "ఆగు, బిల్లు సేవ్ చెయ్యలేదు" అని క్యాన్సిల్‌ని ట్రూ చేసి ఆపగలం. మా పాత స్క్రీన్ ఒకదాంట్లో ఆ ప్రశ్న క్లోజ్డ్‌లో పెట్టారు. కిటికీ పోయాక "మూయమంటారా" అని అడిగేది పాపం.

హ్యాండ్లర్‌ని ఈవెంట్‌కి += తో తగిలిస్తే -= తో తీయడం కూడా నీ బాధ్యతే. స్క్రీన్ మూసేసినా, చాటింపు వేసే ఆబ్జెక్ట్ బతికున్నంతకాలం స్క్రీన్‌ని పట్టుకునే ఉంటుంది, మెమరీ వదలదు. ఆ స్క్రీన్ నాలుగుసార్లు తెరిచి మూస్తే నాలుగు హ్యాండ్లర్లు, ఒక్క బిల్లుకి నాలుగు రసీదులు. లాంబ్డాని (పేరులేని మెథడ్‌ని) అక్కడికక్కడే రాసి తగిలిస్తే ఇంకా చిక్కు: అదే లాంబ్డాని మళ్లీ టైప్ చేసి -= పెట్టినా ఊడదు, అది వేరే డెలిగేట్ (మెథడ్‌ని పట్టుకునే ఆబ్జెక్ట్) అవుతుంది. ముందే ఒక వేరియబుల్‌లో దాచుకోవాలి, లేదా పేరున్న మెథడ్ రాసుకోవాలి.

గొడవ చివరికి ఎలా తేలిందంటే, వినేవాటికి హ్యాండిల్, చెప్పేవాటికి ఆన్ అని రాసుకున్నాం. కుర్రాడు "మరి మన ఆండ్రాయిడ్ యాప్‌లో?" అన్నాడు. అక్కడ అక్కడి పద్ధతే అన్నాను. పేరు మార్చిన కమిట్ (కోడ్ మార్పు) శుక్రవారం వెళ్లిపోయింది. బటన్7_క్లిక్ అని తొమ్మిదొందల లైన్ల మెథడ్ ఒకటి ఉంది, దాని జోలికి మాత్రం ఇంకా ఎవ్వరం పోలేదు.