లాసెట్ ఫారం నింపేముందు బస్సు టైములు చూసుకోండి

లా కాలేజీల్లో చేరడానికి రాసే ఎంట్రన్స్ లాసెట్ గురించి మా వైపు ఎవరినడిగినా మొదట చెప్పేది ఒకటే, "అదేముందండీ, రాస్తే వచ్చేస్తుంది" అని. సగం నిజమే. 120 ప్రశ్నలు, గంటన్నర టైము, తప్పు రాస్తే మార్కు కొయ్యరు, ఓసీ బీసీలకి 42 మార్కులు వస్తే క్వాలిఫై, ఎస్సీ ఎస్టీలకి ఆ గీత కూడా లేదు, పేపరు తెలుగులోనూ ఉంటుంది. అందుకే ర్యాంకు గురించి నేను పెద్దగా రాయను. జనం దెబ్బతినేది పరీక్షకు ముందు ఫారం దగ్గర, పరీక్ష అయ్యాక కాలేజీల ఆప్షన్ల దగ్గర.

నేను రాజోలు వైపు ఒక దస్తావేజు లేఖరి గారి దగ్గర టైపింగ్ చేస్తాను. అమ్మకాలు, గిఫ్టులు, భాగపంపకాలు, వీలునామాలు, ఈసీలు, లింకు డాక్యుమెంట్లు, రోజంతా ఇదే. పెళ్లయి పిల్లలు పుట్టి వాళ్లు బడికి వెళ్తున్న ఈ వయసులో మూడేళ్ల ఎల్ఎల్‌బీకి అప్లై చేశాను. లాసెట్‌కి వయసు పరిమితి లేదు కాబట్టి ఆ అభ్యంతరం ఇంట్లోవాళ్లకే గానీ కన్వీనర్‌కి లేదు.

ఎందుకు అనడిగితే ఒక్క మనిషి గురించి చెప్తాను. ఒక లంక నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఆ కవరుని మళ్లీ తువ్వాలులో చుట్టి తెచ్చుకుంది. "అమ్మాయ్, ఎకరం గోదాట్లో కలిసిపోయింది, కాయితం మాత్రం నా బీరువాలో ఉంది, ఇది నా కొడుక్కి రాసివ్వచ్చా?" అంది. సర్వే నంబరుంది, హద్దులున్నాయి, తూర్పున ఫలానావారి కొబ్బరితోట అని కూడా ఉంది. ఆ తోటా లేదు, వాళ్లూ లేరు, కోతకి అన్నీ పోయాయి. మా గురువుగారు రాయనని చెప్పి పంపించేశారు. రాయకపోవడం సబబే అనుకోండి. కానీ ఆవిడ గుమ్మంలో ఆగి "పోనీ రేపు లంక మళ్లీ మేట వేస్తే ఆ నేల ఎవరిది?" అంది చూశారా, దానికి మా ఆఫీసులో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఈ కాయితాలు టైపు చేస్తూ కూడా, అవి కోర్టులో నిలబడతాయో లేదో చెప్పలేకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

సరే, ఫారం. మూడేళ్ల కోర్సుకి డిగ్రీలో ఓసీలకి 45 శాతం, బీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 ఉండాలి. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది. మా వైపు చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, టెన్త్‌తోనో అంతకుముందో ఆపేసి, తర్వాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎంట్రన్స్ రాసి ఇంటర్ లేకుండానే డిగ్రీలో చేరారు. డిగ్రీ డిగ్రీయే, గ్రూప్ పరీక్షలకి పనికొచ్చింది కదా అనుకుంటారు. లా చదువులకి నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం, కింద చదువు లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లకి లా సీటు రాదు. దూరవిద్యలో చదివినా ఫరవాలేదు, టెన్త్, ఇంటర్, డిగ్రీ వరసగా ఉండాలి. ఇది ఫీజు కట్టకముందే చూసుకోవాలి. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో బయటపడితే అప్పుడు ఏడ్చి లాభం లేదు.

రెండోది ఇంటిపేరు. టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు, కుల ధ్రువీకరణ పత్రంలో ఏ పేరు రాశారో సచివాలయం వాళ్లకే తెలియాలి. టెన్త్‌లో ఉన్న పేరే ఫారంలో కొట్టండి, మిగతావి దానికి సరిపోయేలా ముందే దిద్దించుకోండి. నాకు ఆధార్ మార్చుకోవడం కన్నా మా అత్తయ్యగారికి ఎందుకు మారుస్తున్నానో చెప్పడం కష్టమైంది.

ఇంటర్ పిల్లలున్నవాళ్లకి ఒక ముక్క. విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది, అక్కడ ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల కోర్సుకి లాసెట్ కాదు, జాతీయ లా యూనివర్సిటీల ఎంట్రన్స్ క్లాట్ రాయాలి. అది పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది, తప్పుకి పావు మార్కు పోతుంది, పైగా డిసెంబరులోనే పెట్టేస్తున్నారు. మనవాళ్లకి ఎంసెట్ ర్యాంకు చూశాక జూన్‌లో లా గుర్తొస్తుంది, అప్పటికి క్లాట్ గడిచిపోయి నెలలవుతుంది.

ఇక నా అసలు గొడవ, కాలేజీ. మా చుట్టుపక్కల లా చదవాలంటే భీమవరంలో డీఎన్ఆర్, రాజమండ్రిలో జీఎస్కేఎం, కాస్త దూరమైతే ఏలూరులో సీఆర్ రెడ్డి. అమలాపురం వాళ్లకి రావులపాలెం మీదుగా రాజమండ్రి బాగానే ఉంటుంది. రాజోలు మనిషికి దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా భీమవరం దగ్గర. జిల్లా వేరైతే ఏం, గోదావరి పాయ దాటితే పశ్చిమగోదావరే. కానీ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఎవరూ ఇలా ఆలోచించరు, "పేరున్న కాలేజీ" అని ఎక్కడో పెట్టేస్తారు, లేదా "అక్కడ క్లాసులకి వెళ్లక్కర్లేదు" అని ఇంకెక్కడో పెట్టేస్తారు. ఈ రెండో రకమే ఎక్కువ. ఒక కాలేజీకి ఫోన్ చేసి క్లాసుల టైము అడిగితే, అవతలాయన నవ్వి, "మీరు పరీక్షలకి రండమ్మా, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అన్నాడు. టైమే కదా నేనడిగింది!

చూడండి, నిబంధన ప్రకారం ప్రతి సబ్జెక్టుకీ 70 శాతం హాజరు ఉండాలి, ఎల్ఎల్‌బీకి దూరవిద్య అనేదే లేదు, క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపలే జరగాలి. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ కాలేజీలకి బయోమెట్రిక్, సీసీ కెమెరాలు పెట్టమంది. ఉద్యోగం చేస్తున్నవాళ్లయితే ఆ సంగతి చెప్పి యజమాని నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాయితం, తేవాలంది. అయినా నా బాధ పట్టుబడతామని కాదు. క్లాసుకి వెళ్లకుండా నల్లకోటు వేసుకున్నవాళ్లు మా ఆఫీసుకి వస్తూనే ఉంటారు, దావా వేయడానికి గడువెంతో మా గురువుగారిని అడుగుతుంటారు. నేను అలాంటి లాయర్ని కావడానికైతే ఇప్పుడున్న కుర్చీయే నయం.

చదువు సంగతి క్లుప్తంగా. పేపర్లో లా ప్రశ్నలుండే పార్ట్ సి ఒక్కటే 60 మార్కులు, రాజ్యాంగం బాగా పట్టండి. పాత గైడ్లు సగం ధరకి దొరుకుతాయి కానీ వాటిలో ఇంకా నేరాలకి శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీయే ఉంటుంది. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి సెక్షన్ 302 పోయి 103 అయింది, రెండూ తెలుసుకుంటే మంచిది. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ కేసుని గైడులో 1967 అని ఒక్క లైనులో తేల్చేస్తారు. ఆ తీర్పు నాటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు మన రాజమండ్రి మనిషని తెలిశాక నాకా కేసు మళ్లీ మర్చిపోయే పనే లేకపోయింది. జడ్జి పరీక్ష రాద్దామనుకునేవాళ్లు మూడేళ్ల ప్రాక్టీసు కూడా లెక్కలో వేసుకోండి, 2025 మేలో సుప్రీంకోర్టు ఆ షరతు మళ్లీ తెచ్చింది.

నా ఆప్షన్లలో మొదటిది భీమవరం, రెండోది రాజమండ్రి, అంతే. పగలు రిజిస్ట్రేషన్ల పని ఇంకో అబ్బాయి చూస్తాడు, సాయంత్రం నేనొచ్చి డ్రాఫ్టులు కొడతాను, జీతం కొంచెం తగ్గుతుంది, ఒప్పుకున్నాను. ఎన్ఓసీ అడిగితే మా గురువుగారు కళ్లజోడు పెట్టుకుని తనే రాశారు, "నా పూర్తి సమ్మతితో, ఎవరి బలవంతము లేకుండా వ్రాసి ఇచ్చిన నిరభ్యంతర పత్రము" అని మొదలుపెట్టి, కింద ఇద్దరు సాక్షులతో సంతకాలు కూడా పెట్టించారు. హద్దులొక్కటే రాయలేదు.