ముత్తాత ఖైదీ అని రుజువు చేయమన్నారు

మా అబ్బాయి ఓబీసీ ధ్రువపత్రం నిన్న చేతికి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం, నాకింకా నోరు తిరగడం లేదు) మాది 1942కు ముందు నుంచి ఉన్న లోకల్ బార్న్ కుటుంబమని, అంటే ఖైదీలుగా వచ్చి ఇక్కడే స్థిరపడినవారి సంతతి అని ఒప్పించడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

దరఖాస్తు, రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్ ఒక్క రోజులో అయిపోయాయి. చిక్కంతా మా ముత్తాత దగ్గర వచ్చింది. ఆయన గోదావరి జిల్లా నుంచి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష మీద వచ్చిన ఖైదీ. మద్రాసు రేవులో మహారాజా స్టీమరు ఎక్కించారని ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకునేవారు. మా నానమ్మ బతికినంత కాలం ఆ మాట గడప దాటనివ్వలేదు. ఎవరైనా అడిగితే తన మామగారు సర్కారు కొలువు మీద వచ్చారనేది. ఆమె అంత జాగ్రత్తగా దాచిన సంగతికే ఇప్పుడు నేను కాగితం చూపించాలి.

ఆ కార్యాలయం పేరు రాయను. బల్ల వెనక కూర్చున్న గుమాస్తా నా ఫైలు తిరగేసి, తల ఎత్తకుండానే, హాలంతా వినబడేలా "కౌన్‌సా సెక్షన్? తీన్ సౌ దో?" అని అడిగాడు. వరుసలో నా వెనక నా దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరున్నారు. అవును, 302 అన్నాను. దానికి కాగితం ఏదన్నాడు. పాత రికార్డు మీ దగ్గరే ఉండాలి కదా అంటే, 1942లో దీవులను ఆక్రమించిన జపాన్ వాళ్ల కాలంలో అన్నీ పోయాయన్నాడు. పోయిన కాగితాన్ని నేనెక్కడ నుంచి తేవాలని అడిగితే, అది నీ తలనొప్పి అన్నట్టు టీ గ్లాసు అందుకున్నాడు. ఇలా పదకొండుసార్లు తిరిగాను, ప్రతిసారీ సెక్షన్ దగ్గర నుంచే మొదలుపెట్టేవాడు. ఒకసారైతే పక్క బల్ల అతన్ని పిలిచి, మాస్టరుగారి పర్‌దాదా ఖూనీ చేసి వచ్చాడట అని నవ్వుతూ చెప్పాడు. ఈ ఊరి పాత బస్తీల్లో ఎవరి ఇంటి గోడ గీరినా ఒక ఖైదీ బయటపడతాడని, బహుశా తమ ఇంట్లోనూ ఉంటాడని వాళ్లకు తోచినట్టు లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

ముత్తాత పేరున్న భూమి కాగితం ఒకటి మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర ఉంది. అడిగితే, వాటా కోసం వచ్చాననుకుని లేదన్నాడు. చివరికి దాని నకలు మా మేనత్త పెట్టెలో, పాత చీర మడతలో దొరికింది. 1919 నాటిది. పేరు పక్కన ఖైదీ నంబరు, ఇంగ్లీషులో సెల్ఫ్ సపోర్టర్ అనే మాట, అంతే. సెక్షన్ లేదు, వచ్చిన తేదీ లేదు. గుమాస్తా ఇది చాలదన్నాడు.

ఇక్కడ నా లెక్కల బుర్ర పనికొచ్చిందని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఆ రోజుల్లో యావజ్జీవ ఖైదీ మొదటి ఆరు నెలలు సెల్యులార్ జైలులో ఒంటరి గదిలో ఉండాలి. తర్వాత పద్దెనిమిది నెలలు ఇంకో జైలులో నలుగురితో కలిసి పని, రాత్రికి విడి గది. ఆపైన మూడేళ్లు బారకాసుల్లో ఉంటూ కూలీ లేని చాకిరీ, మరో అయిదేళ్లు చిన్న భత్యంతో పని. ఇలా పదేళ్లు నిండి, నడత బాగుంటేనే టికెట్ (జైలు బయట బతకడానికి షరతుల మీద ఇచ్చే అనుమతి పత్రం) ఇచ్చి, ఊళ్లో సొంతంగా సాగు చేసుకుని పెళ్లాడటానికి అనుమతించేవారు. వారే సెల్ఫ్ సపోర్టర్లు. అప్పటికీ దీవి దాటి పోయే హక్కు మాత్రం లేదు. 1919లో సెల్ఫ్ సపోర్టర్ అంటే 1909 లోపే ఓడ దిగి ఉండాలి. ఈ లెక్కను ఒక పేజీలో టైపు చేయించి, కాగితం నకలు జతచేసి, గుమాస్తాను దాటి పై అధికారికి ఇచ్చాను. ఆయన పది నిమిషాలు చదివి, ఇద్దరు పెద్దల సాక్ష్యం తెమ్మని సంతకం పెట్టాడు.

ఇదే దారిలో ఉన్నవాళ్లు బయట చెట్టు కింద నిలబడే ఏజెంట్లకు రూపాయి ఇవ్వకండి, వాళ్లు తెచ్చేది మీరు నింపగల ఫారమే. ముందు మేనత్తల పెట్టెలు వెతకండి, మగవాళ్లు కాగితాలను ఆస్తి కోసమే దాస్తారు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ విభాగం ఫైళ్లు ఉన్నాయి, ఓపిక ఉన్నవారు అక్కడా చూడవచ్చు. ఖైదీ నంబరు తెలిస్తే పేరు కంటే అదే మేలు, ఎందుకంటే మన ఇంటిపేర్లను అప్పటి దొరలు ఎవరి చెవికి విన్నట్టు వారు రాశారు.

ధ్రువపత్రంలో 302 ప్రస్తావన ఎక్కడా లేదు. నిన్న సాయంత్రం మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల అమ్మాయికీ ఓబీసీ కావాలట, నేను టైపు చేయించిన పేజీ ఒక్కటి పంపమన్నాడు. ఇంకా పంపలేదు.