కూడబలుక్కుని చదివే పిల్లలకు

"ప... ల... క" అంటూ ఆగిపోతున్నారని 56 అక్షరాలూ మళ్లీ దిద్దించకండి. తల, వల, గడప లాంటి గుణింతం లేని మాటలే ముందు చదివించండి. ప, వ దగ్గర తడబడితే పలక మీద పక్కపక్కనే రాయండి: పకు పైన నోరు తెరిచి ఉంటుంది, వకు మూసుకుని ఉంటుంది.

అమ్మ తేలిక మాటే అనుకుంటాం గానీ కాదు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరం పోలికే ఉండదు. అందుకే అక్క, బుగ్గ ముందు. అమ్మ, అన్న తర్వాత.

ధారగా చదవాలంటే అవే నాలుగు వాక్యాలు మూడు రోజులు చదవాలి. ముందు మీరు, తర్వాత ఇద్దరూ కలిసి, చివరికి బిడ్డ ఒక్కటే.

రాతకు రోజుకొక సొంత వాక్యం చాలు. "పాలు ఇచింది" అని రాస్తే కొట్టేయకండి. గట్టిగా పలికించండి, వత్తు తన చెవికే తెలుస్తుంది.